బ్యాంకు ఉద్యోగం మానేసి ఉగ్గుపిండి ఎందుకు పెట్టినానంటే

అనంతపురంలో ఇప్పుడు నన్ను ఎవరు కలిసినా ముందు అడిగేది ఒకటే, "ఏమ్మా, బంగారం లాంటి బ్యాంకు ఉద్యోగం ఇడిసిపెట్టి పిల్లోళ్ళ పిండి చేస్తాండావంట, నిజమేనా?" అని. పాతూరులో సరుకులకి పోయినా అదే, పెళ్ళిలో బంతి దగ్గర కూర్చున్నా అదే. నిజమే అని చెప్తాను. ఎందుకు అంటే మాత్రం నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

చాలామంది ఏమనుకుంటారంటే బిడ్డ మీద ప్రేమతో మానేసింది అని. ఆ మాట నాకు నచ్చదు. ఉద్యోగాలు చేసే అమ్మలందరికీ బిడ్డల మీద ప్రేమ లేదనా? అసలు విషయం క్యాలెండర్లో ఉంది. మన దేశంలో ప్రసూతి సెలవు 26 వారాలు, అంతకుముందు 12 వారాలే ఉంటే 2017లో చట్టం సవరించి పెంచినారు, చాలా మంచి పని, మా బ్యాంకులో కూడా ఆరు నెలలే ఇస్తారు. ఇంకోపక్క డబ్ల్యూహెచ్ఓ నుంచి మన వీధి చివర పిల్లల డాక్టర్ దాకా అందరూ చెప్పేది ఏంటి, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు, నీళ్ళు కూడా వద్దు, ఆరు నిండగానే పాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలి, ఇంక లేట్ చేయకూడదు అని. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. 26 వారాలు అంటే ఆరు నెలలు. బిడ్డ నోట్లో మొదటి ముద్ద పెట్టాల్సిన వారమూ, అమ్మ మళ్ళీ డ్యూటీలో జాయిన్ కావాల్సిన వారమూ ఒకటే! ఇన్నాళ్ళూ పాలిస్తే సరిపోయింది, ఇప్పుడు రోజుకి రెండు మూడు సార్లు తినిపించాలి, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ముప్పావు గంట పడుతుంది, సరిగ్గా అప్పుడే అమ్మ పొద్దున తొమ్మిదిన్నరకి క్యాష్ కీస్ తీసుకుని బ్రాంచిలో ఉండాలి. నా బిడ్డ విషయంలో ఇది నాకు తగిలింది. బ్రాంచిలో క్లర్క్ అమ్మాయిలని అడిగినా, స్కూల్ టీచర్లని, స్టాఫ్ నర్సులని, సచివాలయంలో పనిచేసే అమ్మాయిలని అడిగినా, అందరిదీ అదే కథ.

మా అవ్వ వాళ్ళ కాలంలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, ఉగ్గుపిండి చేయడం ఒకరి పని కాదు. ఉరవకొండ పక్క మా అవ్వ చేసే విధానం నేను చిన్నప్పటి నుంచీ చూసినదాన్నే. రాగులు చాటలో చెరిగి రాళ్ళు ఏరాలి. మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్ళు కడగాలి. రాత్రంతా నానబెట్టి పొద్దున నీళ్ళు వంపేసి పాత పంచెగుడ్డలో మూటకట్టి చిలక్కొయ్యకి తగిలించాలి, గుడ్డ ఆరిపోకుండా మధ్యమధ్యలో నీళ్ళు చల్లుతుండాలి, మా ఊరి వేడికి ఒక రోజు గడిచేసరికి తెల్లగా సన్న మొలక కనబడుతుంది. నువ్వుగింజంత వస్తే చాలు, పొడుగైతే పిండి చేదెక్కుతుంది. ఆరబెట్టి అరచేతుల మధ్య నలిపితే ఎండిన మొలకలు రాలిపోతాయి, మళ్ళీ చెరగాలి, సన్న సెగ మీద వేయించాలి, విసరాలి, పలచటి నూలుగుడ్డలో జల్లించాలి. పెసరపప్పు వేరేగా, బియ్యం వేరేగా వేయించాలి, ఎందుకంటే దేని సెగ దానిది, అన్నీ కలిపి మూకుడులో పోస్తే ఒకటి మాడుతుంది ఒకటి పచ్చిగా ఉంటుంది. మొత్తం మీద మూడు నాలుగు రోజుల పని. ఒక్క బిడ్డకి, పదిహేను రోజుల పిండికి!

ఇంత కష్టం ఎందుకు, అంగట్లో రాగిపిండి కొని జావ కాస్తే పోలేదా అంటారు కదా. పోదు. ఇది నేను చదివి తెలుసుకున్నాక అవ్వ మీద గౌరవం ఇంకా పెరిగింది. మామూలు రాగిపిండి జావ కాస్తే చిక్కబడిపోతుంది, బిడ్డ మింగాలంటే నీళ్ళు పోసి పలచన చేయాల్సిందే. బిడ్డ కడుపు ఎంత పడుతుంది? కేజీ బరువుకి 30 ఎంఎల్ అని లెక్క, ఏడు కేజీల బిడ్డకి 200 ఎంఎల్ పైన కొంచెం, అంతే. ఆ కాస్త జాగా నీళ్ళతో నింపేస్తే కడుపు నిండినట్టు ఉంటుంది కానీ ఒంటికి బలం రాదు, జావ బాగానే తాగుతోంది కానీ వెయిట్ పెరగట్లేదు అని తల్లులు బాధపడేది చాలాసార్లు ఇక్కడే. గింజ మొలకెత్తేటప్పుడు లోపల అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండిని జారుగా చేస్తుంది, కాబట్టి మొలకల పిండి అయితే అదే గిన్నెలో ఎక్కువ పిండి వేసినా బిడ్డ మింగగలదు. ఎక్కువ సెగ పెడితే ఆ ఎంజైమ్ పని చేయదు, అవ్వ సన్న సెగ, సన్న సెగ అని ఎందుకు మొత్తుకునేదో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకోటి, గింజలో ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్ కూడా మొలకెత్తితే తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఉండే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళ 2017 టేబుల్స్ తీసి చూడండి, 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో పది కూడా లేదు.

సంగటి తిని పెరిగిన సీమలో, రాగులూ కొర్రలూ పండే చోట, మన పిల్లలకి ఏం పెడుతున్నాం అంటే పాలల్లో బిస్కెట్ నానబెట్టి పెడుతున్నాం. నేను కళ్ళారా చూస్తున్నా, ఇంటింటికీ అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) 2019-21లో చేసినారు, మన ఆంధ్రలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63 శాతానికి పైగా రక్తహీనత. దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందేది 11 శాతం మందికే. డబ్బాల్లో వచ్చేవి కొనగలిగిన వాళ్ళ సంగతీ అంతే, 2024 ఏప్రిల్లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, మన దేశంలో అమ్మే బేబీ సీరియల్స్‌లో చక్కెర కలుపుతున్నారని బయటపెట్టింది, గుర్తుందా? ఏడాది బిడ్డకి తీపి అలవాటు చేస్తే తర్వాత వాడికి పప్పన్నం రుచి ఏం తెలుస్తుంది. చక్కెర అవసరం లేదు, బెల్లం కూడా వద్దు, ఖర్జూరం పొడి వేసి "నో షుగర్" అని రాయడం కూడా నాకు ఇష్టం లేదు.

అందుకే నేను అమ్మేది కొత్త వంట కాదు, కొత్త రెసిపీ కాదు, అవ్వ చేసిన ఆ మూడు నాలుగు రోజుల పని. ఇంట్లో చేసేవాళ్ళు లేక, అమ్మకి టైమ్ లేక ఆగిపోయిన పని. ఎవరో ఒకరు పూర్తి టైమ్ పెట్టి శుభ్రంగా, నమ్మకంగా చేస్తే వంద మంది అమ్మలు ధైర్యంగా డ్యూటీకి పోవచ్చు. అట్లా చేసేది నేనే ఎందుకు కాకూడదు అనిపించింది, అంతే.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన భయపడినాడు కానీ వద్దనలేదు. మా అత్త అయితే, "రాగులు కడగడం నేను చూసుకుంటా, లెక్కలు నువ్వు చూసుకో" అనేసింది, ఆ ఒక్క మాటకి నేను ఆమెకి జన్మంతా రుణపడి ఉంటా. కష్టమైంది మా నాయన దగ్గర. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి నన్ను చదివించినాడు, నాకు బ్యాంకు జాబ్ వచ్చిన రోజు డిపో అంతా స్వీట్లు పంచినాడు. ఆయనకి చెప్తే ఏమీ అనలేదు, కొన్నాళ్ళు ఫోన్ కూడా ముక్తసరిగానే మాట్లాడినాడు. తర్వాత ఒకరోజు పొద్దున్నే మడకశిర నుంచి ఫోన్ చేసి, ఈడ రాగులు బాగుండాయి, నల్లగింజ లేదు, ఎన్ని బస్తాలు పట్టమంటావు అని అడిగినాడు. నేను ఏడ్చినాను.

డబ్బు విషయం కూడా దాచకుండా చెప్తా, చాలామంది అమ్మాయిలు అడుగుతున్నారు కాబట్టి. నేను లోన్ డెస్క్‌లో ఉన్నప్పుడు ఇట్లాంటి చిన్న యూనిట్ల ఫైళ్ళు చాలా చూసినా, ఎవరివి నిలబడతాయి ఎవరివి పడిపోతాయి అనేది అక్కడ నేర్చుకున్నదే. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో పీఎంఎఫ్ఎంఈ అనే స్కీమ్ తెచ్చింది, ప్రాజెక్ట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, పది లక్షలకి మించకుండా. మన వాటా కనీసం పది శాతం పెట్టాలి, మిగతాది బ్యాంకు లోన్. అయితే సబ్సిడీ అంటే చేతికి వచ్చే డబ్బు అనుకోకండి, అది మూడేళ్ళు బ్యాంకులోనే వేరే ఉంటుంది, మన లోన్ సక్రమంగా నడిస్తేనే చివర్లో సర్దుతారు. కాబట్టి సబ్సిడీని చూసి మిషన్లు కొనకూడదు, నెలకి ఎంత అమ్మగలం, కిస్తీ కట్టినాక ఏం మిగులుతుంది అని లెక్క వేసుకుని కొనాలి. నేను ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే రిజైన్ చేసినా, ఇంట్లో ఒక జీతం వస్తోంది కాబట్టి ఆ ధైర్యం. అది లేనివాళ్ళు ఉద్యోగం చేస్తూనే చిన్నగా మొదలుపెట్టండి, తొందరపడొద్దు.

మిషన్లలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది గింజలు వేయించే రోస్టర్ కాదు, ఆరబెట్టే డ్రైయర్. అనంతపురంలో ఎండకేం కొదవ, మిద్దె మీద ఆరబోస్తే ఊరికే ఆరిపోతాయి కదా అని అందరూ అన్నారు. ఎండ ఉంది, గాలి కూడా ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మా పక్క ఎట్లాంటి గాలి కొడుతుందో తెలుసు కదా, గాలిమరలు ఊరికే పెట్టలేదు ఇక్కడ. ఆ గాలికి మిద్దె మీద ఆరేసిన బట్టలే ఎర్రమన్ను పట్టిపోతాయి, ఇంక తడి రాగుల గతి ఏంటి. అందుకే మూసి ఉండే ట్రే డ్రైయర్ పెట్టినా. గింజ పంటికింద పెడితే టక్‌మని విరగాలి, సాగితే ఇంకా తేమ ఉన్నట్టు. మీటర్ ఉంది, రీడింగ్ రాసుకుంటాం, అయినా మా దగ్గర పనిచేసే ఆదెమ్మక్క నోట్లో వేసుకుని ఊ అన్నాకే మరకి పోతుంది. తేమ ఉంటే బూజు, బూజు వస్తే కంటికి కనబడకముందే విషం తయారవుతుంది, అది పెద్దవాళ్ళకే మంచిది కాదు, ఆరు నెలల బిడ్డ అసలు తట్టుకోలేడు.

మర కూడా అంతే. బయట పిండి మిషన్లో పట్టించడం అస్సలు చేయను. మన ముందు వాళ్ళు మిరప్పొడి పట్టించి ఉంటారు, పసుపు పట్టించి ఉంటారు, గుప్పెడు బియ్యం వేసి తిప్పితే పోయిందనుకుంటాం, కానీ కొంచెం కారం మిగిలినా చాలు, పాపం ఆ బిడ్డ నోరు మండి గిన్నె చూస్తేనే తల తిప్పేసుకుంటుంది, అమ్మేమో బిడ్డకి రాగులు పడవు అనుకుంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళకి కూడా ఇదే చెప్తున్నా, చిన్న మొత్తమే కదా, మిక్సీలో పట్టి జల్లించుకోండి.

అనంతపురం అమ్మాయివి, శెనక్కాయ వేయకుండా పిండి ఏంది అని కూడా అడుగుతారు. శెనక్కాయ మంచి తిండే, ప్రోటీన్, కొవ్వు రెండూ ఉంటాయి, బిడ్డకి రెండూ కావాలి. కానీ మన పంట కథ మనకి తెలుసు, వానాధారం చేను, కాయ ఊరేటప్పుడు వాన మొహం చాటేస్తే, బెట్టకి వేడికి కాయలోకి ఫంగస్ చేరుతుంది, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, ఉడకబెట్టినా వేయించినా పూర్తిగా పోదు. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ళు ఏళ్ళ తరబడి దీని మీద పనిచేస్తూనే ఉన్నారు. రైతు తప్పు లేదు, వాన లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు. అందుకే శెనక్కాయ కలిపే పిండి విడిగా చేస్తాను, ఆ విత్తనాలు లాట్‌కి లాట్ బెంగళూరు ల్యాబ్‌కి పంపి, రిపోర్ట్ బాగుంటేనే వాడతాను, లేకపోతే ఆ నెల ఆ పిండి ఉండదు, స్టాక్ లేదని చెప్తాను. ఇంట్లో పెట్టేవాళ్ళు పొరపాటున కూడా చిన్నపిల్లలకి గింజలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది, మెత్తగా పొడి చేసి కలపండి.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం. మా ప్యాకెట్ మీద బిడ్డ బొమ్మ ఎందుకు లేదు, ఇన్‌స్టాలో పిల్లలు తినే వీడియోలు ఎందుకు పెట్టవు, మా పాప ఫోటో పంపిస్తాం పెట్టుకో అక్కా అని ఎంతో ప్రేమగా అడుగుతారు. పెట్టకూడదు. 1992లో ఒక చట్టం వచ్చింది, ఐఎంఎస్ యాక్ట్ అంటారు, పాలడబ్బాల కంపెనీలు తల్లిపాల మీద నమ్మకం పోగొడుతున్నాయని తెచ్చినారు, 2003లో ఇంకా గట్టి చేసినారు. దాని ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల ఫుడ్‌కి అడ్వర్టైజ్‌మెంట్ ఇవ్వకూడదు. ఫ్రీ శాంపిల్స్ పంచకూడదు, గిఫ్టులు ఇవ్వకూడదు. లేబుల్ మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ ఉండకూడదు. ఆస్పత్రుల్లో పోస్టర్ పెట్టకూడదు, డాక్టర్లకీ నర్సులకీ ఏమీ ముట్టజెప్పకూడదు. దీని మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు శిశు ఆహారానికి 2020లో వేరే రెగ్యులేషన్స్ కూడా తెచ్చినారు, లోపల ఏం ఉండాలి, లేబుల్ మీద ఏం రాయాలి అన్నీ అందులో ఉన్నాయి. కొంతమంది ఇదంతా తప్పించుకోవడానికి "మల్టీగ్రెయిన్ మాల్ట్" అని పేరు పెట్టి, ఫోన్లో మాత్రం ఆరో నెల నుంచే పెట్టొచ్చు అని చెప్తారు. ఇది అన్యాయం అండి. బిడ్డ నోరు తెరిచి కడుపులో మంటగా ఉంది అని చెప్పలేదు, వాసన వస్తోంది అని చెప్పలేదు, పెట్టింది తింటుంది. అట్లాంటి వాళ్ళకి తిండి అమ్మేటప్పుడు చట్టం ఇంత గట్టిగా ఉండాల్సిందే. నా వ్యాపారం మెల్లగా పెరుగుతుంది, ఒక అమ్మ ఇంకో అమ్మకి చెప్తేనే పెరుగుతుంది, పెరగనీ.

మొన్న గుంతకల్లు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పాపకి ఐదో నెల నడుస్తాంది, జాయినింగ్ దగ్గరపడింది, మా అత్త ఇప్పుడే మొదలుపెట్టు అలవాటైతాది అంటాంది, రెండు ప్యాకెట్లు పంపుతావా" అని. పంపను తల్లీ, ఆరు నిండనీ అన్నాను. తన పాలు పిండుకుని ఫ్రిజ్‌లో ఎట్లా పెట్టుకోవాలో, బ్రాంచిలో ఎక్కడ పిండుకోవచ్చో చాలాసేపు మాట్లాడుకున్నాం. పాప తల నిలబెడుతోందా, ఆసరా పెడితే కూర్చుంటోందా, స్పూన్ పెడితే నాలుకతో బయటికి తోసేస్తోందా చూడు అని చెప్పినా. వాళ్ళ అత్తమ్మని కూడా లైన్లోకి తీసుకోమన్నా, ఎందుకంటే తినిపించేది ఆమే కదా రేపు. ఆమె మంచి మనిషి, విన్నది. నెల తర్వాత ఆర్డర్ పెట్టినారు.

నా పిండి ఒక్కటే పెట్టి సరిపెట్టుకోండి అని నేను ఎవ్వరికీ చెప్పను. పాలు రెండేళ్ళ దాకా ఇస్తూనే ఉండాలి. పిండితో పాటు మెత్తగా మెదిపిన పప్పు, ఆకుకూర, గుమ్మడి, అరటిపండు, తినేవాళ్ళయితే గుడ్డు, కాలేయం, ఇవన్నీ ఏడు ఎనిమిది నెలల్లోనే రావాలి, ఐరన్‌కి పిండి ఒక్కటే చాలదు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, పురిట్లో నాకించే అలవాటు మన పక్క ఇంకా ఉంది, అందులో ఉండే బొటులిజం క్రిములు పసిబిడ్డకి ప్రాణం మీదికి తెస్తాయి. ఆవుపాలు గేదెపాలు తాగడానికి ఏడాది తర్వాతే. ఉప్పు ఏడాది దాకా వద్దు, చక్కెర రెండేళ్ళ దాకా వద్దు.

ఇంట్లో మనిషి సాయం ఉన్నవాళ్ళు నా దగ్గర కొనకండి, ఇంట్లోనే చేసుకోండి, అంతకన్నా మంచిది లేదు. నాలుగు గ్లాసుల మొలకెత్తిన రాగులకి రెండు గ్లాసుల పెసరపప్పు, ఒక గ్లాసు బియ్యం లేదా కొర్రబియ్యం. రాగులు పైన చెప్పినట్టు మొలకెత్తించి, పూర్తిగా ఆరినాక సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి, రంగు మారేదాకా కాదు. మిగతావి కడిగి ఆరబెట్టి విడివిడిగా వేయించి, అన్నీ చల్లారినాకే మిక్సీ పట్టండి, వేడి మీద పడితే పిండికి చెమ్మ పడుతుంది. రెండు స్పూన్ల పిండి చల్లనీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, పొయ్యి మీద చిన్న మంటలో తిప్పుతూ ఐదారు నిమిషాలు బాగా ఉడకనిచ్చి, దించినాక చిన్న స్పూన్ నెయ్యి వేయండి. మొదట్లో రెండు మూడు స్పూన్లు తింటే చాలు, బలవంతం చేయొద్దు. గాజు సీసాలో పెట్టుకోండి, తడి స్పూన్ పెట్టొద్దు, పదిహేను ఇరవై రోజుల్లో అయిపోయేంతే చేసుకోండి, వాసన కొంచెం తేడాగా అనిపించినా, నాలుక మీద వేసుకుంటే చేదు తగిలినా ఆలోచించకుండా పారేసి మళ్ళీ చేసుకోండి.